మేనల్లుడి ట్రాలీ బండి, నా ల్యాంపుల లెక్క

మా కాలనీలో బండి కొనాలనుకున్నవాళ్లు ముందు షోరూముకు పోతారు, తర్వాత నా దగ్గరికి వస్తారు. షోరూములో వాళ్లకు రంగులు చూపిస్తారు, నేను ఖర్చు చూపిస్తాను. అందుకే అక్కడినుంచి నవ్వుకుంటూ వచ్చినవాళ్లు మా వాకిట్లోంచి కొంచెం నిదానంగా వెళ్తుంటారు. ఈ పని నాకు ఎవరూ అప్పగించలేదు. నా చదువు పదో తరగతితో ఆగింది. కిస్తీ లెక్క, వడ్డీ మీద వడ్డీ లెక్క, పాత బండికి ఏటేటా తరిగే ధర లెక్క, ఇవన్నీ బ్యాంకు గోడకు అంటించిన కాగితాలు చదివీ, సొంతంగా వేసుకునీ, తప్పుపోతే మళ్లీ వేసుకునీ నేర్చుకున్నవి. ఇందులో తమాషా ఏమిటంటే నాకు కారు నడపడం రాదు. నాకున్నది ఒక మోపెడ్. అది లీటరుకు ఎంత ఇస్తుందో వానాకాలానికి వేరుగా, ఎండాకాలానికి వేరుగా చెప్పగలను.

నా డ్యూటీ గోదావరిఖనిలో ఒక భూగర్భ గని మీద, ల్యాంపు రూములో. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఇవ్వాలి. షిఫ్టు ముగిసి పైకి వచ్చాక దాన్ని తిరిగి తీసుకుని చార్జింగుకు పెట్టాలి. ఎన్ని దీపాలు కిందికి పోయాయో అన్నీ పైకి రావాలి. ఒకటి తగ్గిందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. ఇన్నేళ్లుగా ఈ పని చేసినవాడికి లెక్క వేయకుండా కూర్చోవడం చేతకాదు. పెళ్లి భోజనంలో కూడా విస్తళ్లు లెక్కపెడతానని మా అక్క ఎగతాళి చేస్తుంది. నిజమే, పెడతాను.

బండి ఖర్చును నేను రూపాయల్లో చెప్పను, మస్టర్లలో చెప్తాను. మస్టరంటే మా దగ్గర ఒక రోజు హాజరు. డ్యూటీకి పోతే మస్టరు పడుతుంది, పోకపోతే నాగా. రూపాయి అంటే ఎవరికీ నొప్పి తెలియదు. ఫోనులో గీకితే పోతుంది. అదే 'ఈ టైరు నీకు ఆరు మస్టర్లు' అంటే మనిషికి ఆరు పొద్దులు, ఆరు టిఫిన్ డబ్బాలు, ఆరు చెమట చొక్కాలు కళ్లముందు కనపడతాయి. ఒకాయన పెద్ద కారుకు అలాయ్ చక్రాలు వేయించాలని వచ్చి, పద్దెనిమిది మస్టర్లని చెప్పగానే లేచి నిలబడ్డాడు. టీ కూడా తాగకుండా పోయాడు. ఇప్పటికీ ఆ కారు మామూలు చక్రాల మీదే తిరుగుతోంది, బాగానే తిరుగుతోంది.

ఈ లెక్కలన్నిటికీ ఒకే ఒక్క శత్రువు మా ఇంట్లోనే పుట్టాడు. మా అక్క కొడుకు.

వాడికి ఇరవై నాలుగేళ్లు. కమాన్‌పూర్ వైపు ఓపెన్ కాస్టు గనిలో, బొగ్గు మీద ఉన్న మట్టిని ఎత్తి దూరంగా పోసే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడుపుతాడు. చిన్నప్పటినుంచీ వాడికి బండ్లంటే పిచ్చి. మా వాకిట్లో మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని, మెయిన్ రోడ్డు మీద పోయే బండి ఏదో చప్పుడును బట్టి చెప్పేవాడు. లారీ అయితే లోడుతో పోతోందో ఖాళీగా పోతోందో కూడా చెప్పేవాడు. నేను గేటు దాకా పోయి చూసి వచ్చేవాణ్ని. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గానే ఉండేది. పదోసారి బండి మలుపు తిరిగిపోయి ఉండేది కనుక తేల్చలేకపోయేవాణ్ని.

కార్లు నడిపే స్నేహితులు వాడికి చాలామందే ఉన్నారు కానీ వాడి దృష్టిలో కారు బండే కాదు. కారులో కూర్చోవడమంటే నేల మీద చాప వేసుకుని కూర్చోవడమే అంటాడు. ముందు పోయేవాడి డిక్కీ తప్ప ఏమీ కనపడదట. ట్రక్కులో అయితే రోడ్డు ఎదురు వచ్చి పలకరిస్తుందట. బ్రేకు వేసే ముందే ఎక్కడ వేయాలో తెలుస్తుందట. ట్రక్కు నడిపేవాడు కోపం తెచ్చుకోకూడదని, వెనక ముప్పై టన్నులున్నప్పుడు కోపం తెచ్చుకుంటే ఆ ముప్పై టన్నులకూ కోపం వస్తుందని వాడి సిద్ధాంతం. ఈ మాటలు చెప్పేటప్పుడు వాడి ముఖం చూస్తే, నాలుగు రోజుల కింద ఇదే మనిషి సబ్బు కొనడం మరిచిపోయి వచ్చాడని ఎవరూ నమ్మరు.

అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున వచ్చి, డబుల్ క్యాబిన్ ట్రాలీ బండి కొంటున్నానన్నాడు. ముందు ఐదుగురు కూర్చోవచ్చు, వెనక సామాను వేసుకునే తొట్టి ఉంటుంది. కొత్తది పదకొండు లక్షలు. నాలుగేళ్లుగా కూడబెట్టినవి మూడు లక్షలున్నాయి. మిగతా ఎనిమిది లక్షలకు అప్పు కావాలి. ప్రైవేటు కాంట్రాక్టు మనిషికి జామీను లేకుండా అప్పు ఇవ్వరు. జామీను మా అక్క ఉండాలి. అక్క కంపెనీ దవాఖానలో ఆయా. బావ పోయాక ఆయన బదులు వచ్చిన ఉద్యోగం. ఆ జీతం మీద సంతకం అడిగితే ఆమె ఒకే మాట అందట, మీ మామ ఊ అంటేనే పెడతానని.

"ఊ అను మామా, నీ నోటికి ఖర్చు లేదు గదా," అన్నాడు.

నా నోటికి ఖర్చు లేదు నిజమే. కానీ అక్కకు ఆ జీతం పోతే ఇంకోటి లేదు, వాడికి ఇంకో నాలుగేళ్ల పొదుపు లేదు. కాగితం తీశాను. వాడి జీతం ఇరవై ఆరు వేలు, నెలకు ఇరవై ఆరు మస్టర్లు. అంటే మస్టరుకు వెయ్యి, లెక్క వేయడానికి దేవుడిచ్చిన జీతం. ఐదేళ్ల కిస్తీ నెలకు పదిహేడు మస్టర్లు. ఇన్సూరెన్సు నెలకు పంచితే దాదాపు నాలుగు. కాగితం వాడివైపు తిప్పాను.

"ఇరవై ఆరింట్ల ఇరవై ఒకటి బండికి. ఐదు నీకు. ఆ ఐదు మస్టర్లల డీజిల్ పోసుకుంటవా, అన్నం తింటవా?"

"అన్నం అమ్మ పెడ్తది."

"మరి అమ్మకు ఏమిస్తవు?"

వాడు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఇన్సూరెన్సు దగ్గర నేను కొంచెం ఎక్కువ వేశానన్నాడు. వేశాను. రెండు వందలు. తీసేశాను. ఇరవై ఒకటి ఇరవై ఒకటిగానే ఉంది.

అప్పుడు అడిగాను, రోజుకు ఎనిమిది గంటలు ట్రక్కు నడిపేవాడికి ఇంకో ట్రక్కు ఎందుకని. హల్వా దుకాణంలో పనిచేసేవాడు ఇంటికి వచ్చి హల్వా అడుగుతాడా? వాడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"మామా, నేను పొద్దంత నడుపుత, కానీ ఏడికీ పోను. కిందికి దిగుత, మట్టి నింపుకుంట, మీదికి ఎక్కుత, పోస్త. మళ్ల కిందికి. గదే బొంద, గదే రోడ్డు. ఇన్నేండ్ల నుంచి టాప్ గేరు ఎయ్యలే. ఒక్కసారన్న సీదా పోవాలె మామా."

సీదా పోవడానికి ఎన్ని మస్టర్లో నేనెప్పుడూ వేయలేదు. కానీ వాడి మూడు లక్షల్ని కాపాడే మార్గం ఒకటి తట్టింది. పాత బండి చూద్దామన్నాను. కొత్త బండి ధరలో సగానికి వస్తుంది. మొదటి మూడేళ్లలో తరిగే ధరను ముందువాడు భరించేసి ఉంటాడు. సీదా పోవడానికి కొత్తదే కానక్కర్లేదు. వాడు కొంచెం మూతి ముడిచి, తర్వాత ఒప్పుకున్నాడు. బండ్ల పిచ్చి ఉన్నవాణ్ని పాత బండ్లు చూడటానికి రమ్మంటే ఎన్నిరోజులు అలుగుతాడు?

అక్కడినుంచి మా ఇద్దరికీ కొన్ని ఆదివారాలు అదే పని అయింది. నా వెనక మోపెడ్ మీద ఆరడుగుల మేనల్లుడు మోకాళ్లు బయటికి పెట్టుకుని కూర్చునేవాడు. మంచిర్యాలలో రెండు చూశాం, పెద్దపల్లిలో మూడు. నేను మీటరు చూసి ధరతో భాగించేవాణ్ని. వాడు నేల మీద పడుకుని బండి కింద చూసేవాడు. చొక్కా వెనక మట్టితో, చేతికి గ్రీజుతో లేచేవాడు. ప్రతి షెడ్డులోనూ ముందు నా దగ్గరికి వచ్చి మాట్లాడేవాళ్లు, కొనేవాణ్ని నేననుకుని. కొంతసేపయ్యాక వాడిచుట్టూ మెకానిక్కులు చేరేవాళ్లు. నేను బెంచీ మీద టీ గ్లాసుతో మిగిలేవాణ్ని.

చివరికి మా ఊరి దగ్గరే ఒక పాత బండ్ల షెడ్డులో నాకు కావలసింది దొరికింది. తెల్లటి డబుల్ క్యాబిన్. నాలుగేళ్ల బండి. మీటరు మీద నలభై ఒక్క వేల కిలోమీటర్లు. ధర నాలుగు లక్షల ఎనభై వేలు. నాలుగేళ్ల బండి ఇంత తక్కువ తిరగడం నేను చూడలేదు. మిగతావన్నీ లక్ష దాటినవే. షెడ్డు యజమాని నవ్వుమొహం మనిషి. తిరిగింది ఎంతో అదే చెప్పాడు, ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు. నేను గబగబా లెక్క వేశాను. ఇలాంటి ఇంజను మూడు లక్షల కిలోమీటర్లు వస్తుందనుకుంటే దాని ఆయుష్షులో ఏడో వంతు కూడా ఖర్చు కాలేదు. సగం కంటే తక్కువ ధరకు ఏడింట ఆరు వంతులకు పైగా బండి. లెక్కల్లో ఇంత అందమైనది చాలా అరుదుగా తగులుతుంది.

మేనల్లుడు మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు బంపరు దగ్గర ఆగాడు. ఒక మూల వేలితో తడిమాడు. తర్వాత పైకప్పు తడిమాడు. డోరు తీసి లోపలికి వంగి పెడళ్లు చూశాడు. స్టార్టు కూడా చేయలేదు. చేతులు దులుపుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఇది గని బండి మామా. వద్దు."

బంపరు మీద పూడ్చిన రంధ్రాలు చూపించాడు. ఓపెన్ కాస్టులో తిరిగే చిన్న బండ్లకు ముందు పొడుగాటి కర్రకు జెండా కడతారు. అంతెత్తు డంపర్లు నడిపేవాళ్లకు కిందనున్న బండి కనపడాలి కదా. ఆ జెండా కర్ర బిగించిన చోటది. పైకప్పు మీద తిరిగే లైటు పెట్టిన చోటు కూడా పుట్టీతో పూడ్చారు. క్లచ్ పెడల్ మీది రబ్బరు అరిగి నున్నగా అద్దంలా ఉంది. షెడ్డు యజమాని దాచలేదు. అవును, కాంట్రాక్టరు దగ్గర కిరాయికి తిరిగింది, మీరు అడగలేదు కదన్నా అన్నాడు.

గని బండి అయితే ఏమిటని నాకర్థం కాలేదు. ఎక్కడ తిరిగినా కిలోమీటరు కిలోమీటరే. మీటరు అబద్ధం చెప్పడం లేదు. అదే అన్నాను.

"మూడు షిఫ్టులు తిరుగుతది మామా ఇది. పది స్పీడుల పోతది, ఫస్టు, సెకండు గేర్లనే. ఆఫీసరు సార్లు దిగి గంట సేపు పని చూస్తే గంట సేపు ఇంజను నడుస్తనే ఉంటది, ఏసీ కోసం. మా టిప్పర్లకు కిలోమీటర్లు ఎవ్వలు చూడరు, గంటలే చూస్తరు. గంటల మీదనే ఆయిల్ మారుస్తరు, గంటల మీదనే పనికిరాదని పక్కకు పెడ్తరు. నువ్వు ల్యాంపు ఇచ్చేటప్పుడు గది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తవా?"

"బండి దీపం కాదురా," అన్నాను, కొంచెం గట్టిగానే. టీ గ్లాసు పట్టుకున్న మెకానిక్కులు మావైపు తిరిగారు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో నేను నా లెక్కే చెప్పాను. దొరికింది మంచి బండి, తక్కువ తిరిగిన బండి. వీడికి కొత్తదాని మీద మోజు పోక వంకలు పెడుతున్నాడు. అక్క ఎప్పుడూ నా మాటే వింటుంది. అన్నం వడ్డిస్తూ వాడితో తేల్చి చెప్పింది.

"మామ చెప్పిన బండి తీస్కో, లేకుంటే ఆ పైసలు బ్యాంకుల ఏసుకో. సంతకం మాత్రం వేరే దానికి పెట్ట."

వాడు వాదించలేదు. అదే నాకు నచ్చలేదు. బండ్ల గురించి వాడు వాదించకపోవడం అదే మొదటిసారి. అన్నం తిని, కంచం కడిగి, బ్యాంకులోనే వేస్తానులే అని డ్యూటీకి వెళ్లిపోయాడు. వాడి డబ్బు భద్రంగా ఉంది, అక్క సంతకం భద్రంగా ఉంది. నేను కోరిందంతా జరిగింది. ఇంటికి వచ్చి మోపెడ్ స్టాండు వేసేటప్పుడు మాత్రం నా పని ఎక్కడో సగంలో ఆగినట్టు అనిపించింది. షిఫ్టు దిగాక దీపాల్లో ఒకటి తగ్గినప్పుడు అనిపించేది అలాగే ఉంటుంది.

మర్నాడు మొదటి షిఫ్టు. పైకి వచ్చిన వాళ్లలో బొగ్గు తవ్వే ఒక కోల్‌కట్టరు తన దీపాన్ని కిటికీలోంచి నా ముందుకు తోశాడు. షిఫ్టు అవకముందే గుడ్డిదయిందని, పక్కన నడిచే సోపతిగాని దీపం వెలుగు వెంట నడిచి వచ్చానని, ఇలాంటి దీపం నీ కొడుక్కు ఇస్తావా అని అడిగాడు. మంచి మాటలే, ఇంకా చాలా అన్నాడు. దీపం తిప్పి చూశాను. దాని పక్క అరలో, దానితోపాటే కొత్తగా ల్యాంపు రూముకు వచ్చిన ఇంకో దీపం ఉంది. ఒకే పెట్టెలోంచి తీసినవి రెండూ. రెండోది ఎప్పుడో ఒకసారి కిందికి దిగే సర్వే సారుది. ఇప్పటికీ కొత్తదానిలా వెలుగుతుంది. మొదటిది నాగా లేకుండా రోజూ చేతులు మారి తిరిగింది. వయసు ఒకటే, పెట్టె ఒకటే, గంటలు వేరు.

కోల్‌కట్టరు ఎంతదూరం నడిచాడో నేను అడగలేదు. ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదు. ఒకే చోట కూర్చుని పనిచేసినా దీపం వెలుగుతూనే ఉంటుంది, తరుగుతూనే ఉంటుంది. గంటలు చూసే బ్యాటరీలు మారుస్తాను. నా పనిలో నేను ఎన్నడూ వేయని కిలోమీటర్ల లెక్కను వాడి బండికి వేశాను.

గుడ్డి దీపం పక్కన పెట్టి, దొరికిన కాగితం వెనక వేశాను. గని బండి గంటకు పది కిలోమీటర్ల చొప్పున నలభై ఒక్క వేలు తిరగాలంటే నాలుగువేల వంద గంటలు. నిలబడి ఇంజను నడిచిన గంటలు దీనికి బయట, అవి ఏ మీటరులోనూ లేవు. మేం చూసి నేను వద్దన్న లక్ష కిలోమీటర్ల బండ్లు గుర్తొచ్చాయి. రోడ్డు మీద తిరిగినవైతే వాటి గంటలు దీనికంటే తక్కువే. మీటరును ఇంకో రకంగా చదవాలి. ఆ మాట వాడు నాకు బంపరు మీద చెయ్యిపెట్టి చెప్తుంటే నేను వినలేదు.

డ్యూటీ దిగి నేరుగా దవాఖానకు పోయాను. అక్క మందుల గది ముందు దుప్పట్లు మడతపెడుతోంది. నిలబడే చెప్పాను.

"అక్కా, నా లెక్క తప్పింది. పోరడు చెప్పిందే కరెక్టు."

అక్క దుప్పటి కింద పెట్టి నావైపు కాసేపు చూసింది. జ్వరం ఏమైనా వచ్చిందా అన్నట్టు.

"ఇన్నేండ్లల్ల నీ నోటి నుంచి ఈ మాట మొదటిసారి వింటున్న తమ్మీ. జర మళ్ల చెప్పు, సిస్టరమ్మ కూడ వింటది."

మళ్లీ చెప్పాను. మందుల గదిలోంచి సిస్టరమ్మ కూడా విన్నది. ఆమెకు ఏం అర్థమైందో తెలియదు కానీ బాగా నవ్వింది. అక్క మాత్రం ఒక షరతు మార్చలేదు. ఈసారి కూడా నేను ఊ అంటేనే సంతకం, కానీ ఇద్దరం కలిసి చూసి, ఇద్దరం ఒకే మాట చెప్పాలి.

ఆ రాత్రే మేనల్లుడికి ఫోను చేసి, బ్యాంకులో వేయవద్దన్నాను. అవతల టిప్పర్ చప్పుడు వినపడుతోంది. వేయలేదన్నాడు. వేసే ఉద్దేశం అసలు ఉందా అని అడగలేదు. కొన్ని లెక్కలు విప్పకూడదు.

మంథనిలో అమ్మకానికున్న ఒక బండి ఫొటో వాడి ఫోనులో ముందునుంచే ఉంది. నాకు చూపించలేదు, ఎందుకంటే దాని మీటరు మీద లక్షా ముప్పై రెండు వేలు ఉంది. నేను ఏమంటానో వాడికి తెలుసు. అమ్మేది రిటైరయిన టీచరు. తాతల నాటినుంచి మంథనిలోనే ఉన్న కుటుంబం. ఉద్యోగం అయిపోయాక మిర్చి వేశారు. పంటను వరంగల్ మార్కెట్టుకు తానే వేసుకుపోయేవారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో పొలం కౌలుకిచ్చి బండి అమ్మేస్తున్నారు.

మేం పోయేసరికి బండి రేకుల కింద, ఒక పాత పరదా కప్పుకుని ఉంది. సారు దాన్ని శాలువా తీసినట్టు తీశారు. అదే తెలుపు, అదే డబుల్ క్యాబిన్. మేనల్లుడు నేరుగా పెడళ్ల దగ్గరికి పోయాడు. ఈసారి నేనూ వంగి చూశాను. క్లచ్ రబ్బరు మీద గీతలు ఇంకా ఉన్నాయి. లక్షా ముప్పై రెండు వేల కిలోమీటర్ల బండి మీద, గని బండి మీద లేని గీతలు. వాడు ఇంజను స్టార్టు చేసి, కళ్లు మూసుకుని విన్నాడు, చిన్నప్పుడు మా మంచం మీద విన్నట్టే.

సారును ఎంత స్పీడులో నడిపేవారని అడిగాను.

"ఎన్నడూ అరవై దాటనియ్యలేదు నాయనా. ఎందుకు దాటాలి? మిర్చి బస్తాలు ఏమన్నా రైలెక్కాలెనా?"

అరవై దాటకపోతే సగటున నలభై ఎనిమిది అనుకున్నాను. రెండువేల ఏడువందల యాభై గంటలు. గని బండి కంటే మూడింతల దూరం, మూడింట రెండు వంతుల గంటలు. కాగితం లేకుండానే వేశాను. చెప్పొద్దూ, ఒళ్లు కొంచెం పులకరించింది.

బేరం మాత్రం మావాడి వల్ల దెబ్బతింది. అమ్మేవాడి ముందు బండిని పొగడకూడదని వాడికి దారిపొడవునా చెప్పుకుంటూ వచ్చాను. వాడు బానెట్ ఎత్తి, ఇంత శుభ్రంగా పెట్టుకున్న ఇంజను నేను చూడనే లేదు సార్ అన్నాడు. వీపు మీద గిల్లాను. గేరు బాక్సు వెన్నలా ఉందన్నాడు. మళ్లీ గిల్లాను. సారు ఐదు లక్షల ఇరవై వేలు చెప్పారు. మావాడి పొగడ్తలకు ఇంకో ఇరవై వేలు పెంచకపోవడం ఆయన మంచితనం. టైర్లు నాలుగూ మార్చే వేళకు వచ్చాయని, వాటికి మావాడి ఒక నెల మస్టర్లన్నీ పోతాయని నేను చెప్తే, మస్టరంటే ఏమిటో అడిగి తెలుసుకుని, పదివేలు తగ్గించారు. ఆయన అడిగింది ఒక్కటే, వానలో నిలబెట్టవద్దని. మావాడు తల ఊపిన తీరు చూస్తే వాడు వానలో నిలబడి దానికి గొడుగు పడతాడనిపించింది.

ఆ సాయంత్రం అక్క ముందు ఇద్దరం ఒకే మాట చెప్పాం. రెండు లక్షల పదివేల అప్పుకు మూడేళ్ల కిస్తీ, నెలకు ఏడు మస్టర్లు. ఇన్సూరెన్సు రెండు, రిపేర్లకూ టైర్లకూ పక్కన పెట్టేవి రెండు. పదకొండు. ఇరవై ఆరులో పదిహేను మిగులుతాయి, అందులో ఎనిమిది అమ్మకు, మిగతా ఏడు డీజిలుకూ వాడికీ. వాడు తలూపాడు. నేను ఊ అన్నాను. అక్క పెన్ను తీసుకుని, ఆయాగా చేరిన రోజు పెట్టినంత జాగ్రత్తగా సంతకం పెట్టింది.

నేను వేయని ఖర్చు ఇంకొకటి ఉందని అప్పటికి నాకు తెలియదు. మా కాలనీలో ఎవరికో ఒకరికి కొత్త క్వార్టరు కేటాయిస్తూనే ఉంటారు. సామాను మోసుకోవడానికి ట్రాలీ కావాలి. మావాడు బండి తెచ్చుకోకముందే దానికి పనులు కుదిరిపోయాయి. ఒకాయన మంచాలు, ఒకామె ఫ్రిజ్, ఇంకొకరి చెల్లెలి పెళ్లి కుర్చీలు. డీజిల్ పోయిస్తామని అందరూ అన్నారు. అన్నవాళ్లలో ఎంతమంది పోయిస్తారో నాకు తెలుసు కనుక ఆ లెక్క వేయలేదు.

బండి తెచ్చుకునే రోజు ఇద్దరం మంథనికి బస్సులో పోయాం. సారు తాళం చేతికిచ్చి, బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డారు. ఊరు దాటాక మావాడు మూడో గేరు వేశాడు, నాలుగు వేశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. ఎడమవైపు వరిపొలాలు. క్లచ్ తొక్కి, ఒక్క క్షణం ఆగి, ఐదో గేరు వేశాడు. ఇంజను గొంతు తగ్గింది. నన్ను పక్కకు తిరిగి చూశాడు, నేనేదో అంటానేమోనని. మీటరు మీద యాభై ఎనిమిది. సారు ఒప్పుకునే స్పీడే. కిటికీ అద్దం దించాను.

కమాన్‌పూర్ దగ్గరికి వచ్చేసరికి మట్టిగుట్టలు కనపడ్డాయి. గనిలోంచి తెచ్చి పోసినవి, ఇప్పుడు వాటి మీద తుమ్మలు కూడా మొలిచాయి. మావాడు గడ్డంతో అటు చూపించాడు.

"గా కొసకున్నదంత నేను పోసిందే మామా."

ట్రిప్పుకు ఎన్ని టన్నులు, షిఫ్టుకు ఎన్ని ట్రిప్పులు అని మనసులో మొదలుపెట్టాను. సగంలో ఉండగానే గుట్ట వెనక్కి పోయింది. అంత పెద్ద గుట్ట అంత తొందరగా దాటిపోతుందని నాకు తెలియదు. మోపెడ్ మీద చాలాసేపు పక్కనే ఉంటుంది.

మా కాలనీ మలుపు వచ్చింది. వాడు తిరగలేదు, స్పీడు మాత్రం తగ్గించాడు.

"గోదావరి బ్రిడ్జి దాకా పోయొద్దామా మామా? గంతే."

డీజిలు ఎంతవుతుందో తెలుసు. అలవాటు కొద్దీ అది ముందు వచ్చింది. తర్వాత గంటల్లో వేశాను. పోను పావుగంట, రాను పావుగంట. రెండువేల ఏడువందల యాభైకి అరగంట కలుస్తుంది.

"పోదాం పా," అన్నాను.

బ్రిడ్జి ఇంకా కనపడకముందే ఫోను మోగింది, అక్క. పక్కింటివాళ్ల బీరువా వాకిట్లోకి తెచ్చారట, నలుగురు మనుషులు పట్టుకుని నిలబడ్డారట, బండి ఏదని అడిగింది. మీరు ఎక్కడున్నారు, ఎటు పోతున్నారని కూడా అడిగింది. మావాడు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ముందుకే చూస్తూ, నా జవాబు కోసం చెవి ఇటు పెట్టాడు.

"సీదా పోతున్నం అక్కా," అన్నాను. "బీరువా జర కింద పెట్టుమను."